పన్ను దగ్గర వదిలిన గాలి మెడ దాకా: ఒక ఎయిర్ పాలిషింగ్ కేసు

ఒంగోలులో చిన్న డెంటల్ క్లినిక్ నాది. ఈ కేసు జరిగి చాలాకాలమైంది, ఆ పేషెంటు పూర్తిగా కోలుకుంది, రాయడానికి ఒప్పుకుంది. వయసు, ఊరు, ఇంటి వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. వైద్యం సంగతులు మాత్రం నా పొరపాట్లతో సహా జరిగినవి జరిగినట్టే ఉంటాయి. గాలితో పౌడర్, నీళ్లు కలిపి పన్ను మీద కొట్టి మరకలు తీసే మెషిన్ ఎయిర్ పాలిషర్. చైర్ పక్కన అది ఉన్న ప్రతి డెంటిస్టూ, ముఖ్యంగా కొత్తగా ప్రాక్టీసు పెట్టిన పిల్లలు, దీన్ని చదవాలని నా కోరిక.

నేపథ్యం

మా దగ్గరికి జనం నొప్పితో వస్తారు. నొప్పి తగ్గాక అడిగేది మరకల గురించి. పొగాకు సీజన్‌లో గ్రేడింగ్ పనికి పోయే ఆడవాళ్లలో చాలామందికి రోజంతా నోట్లో ఆకూవక్క ఉంటుంది. మగవాళ్లకు చుట్ట, బీడీ, గుట్కా. టీ అందరికీ ఉన్నదే. పళ్ల సందుల్లో, వెనకవైపు నల్లగా పేరుకున్న ఆ మరకల్ని స్కేలర్ మొనతో గీకుతూ కూర్చుంటే మనకు చెయ్యి పడిపోతుంది, వాళ్లకు పళ్లు జివ్వుమంటాయి. ఎయిర్ పాలిషర్‌తో అయితే కాసేపట్లో పోతాయి. నేను దాన్ని కొన్నది అందుకే.

కనిగిరి, పొదిలి వైపు నుంచి వచ్చేవాళ్ల గోధుమరంగు మరకలు మాత్రం వేరు. తాగునీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది మన దేశ ప్రమాణం. అంతకు మించిన నీళ్లు చిన్నప్పుడు, శాశ్వత దంతాలు ఇంకా దవడ ఎముకలో తయారవుతున్న వయసులో తాగితే ఆ మచ్చ ఎనామిల్ లోపలే పడిపోతుంది. పైన ఎంత పౌడర్ కొట్టినా అది పోదు. పెళ్లిచూపులకు ముందు అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చిన తల్లులకు ఈ మాట చెప్పడం కష్టంగానే ఉంటుంది. చెప్పకుండా మెషిన్ పెట్టి డబ్బు తీసుకోవడం మాత్రం తప్పు. ఈ కేసుకు దీనితో సంబంధం లేదు. అయినా ఎయిర్ పాలిషింగ్ గురించి మా జిల్లాలో ఎవరు రాసినా ఈ ముక్క రాయకుండా ఉండకూడదు.

ఇక ఆమె సంగతి. యాభై దాటిన మనిషి. ఒంగోలుకు బస్సులో గంటకు పైగా పట్టే పల్లె. బీపీకి మాత్రలు వాడుతోంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో కొంచెం ఎక్కువగా ఉందని ఫిజీషియన్ ఉప్పు బాగా తగ్గించమన్నారు. షుగర్ లేదు, ఆయాసం, ఉబ్బసం లేవు. చిగుళ్ల జబ్బు బాగా ముదిరి మొదటిసారి నా దగ్గరికి వచ్చింది. నాలుగు విడతల్లో లోతు క్లీనింగ్ చేశాను, రక్తం కారడం చాలావరకు ఆగింది. ఆర్నెల్లకు మళ్లీ రమ్మంటే చెప్పిన రోజుకే వచ్చింది. అలా వచ్చేవాళ్లు తక్కువ.

ఆ రోజు చైర్‌లో జరిగింది

బాధ ఏమీ లేదు. పై ఎడమవైపు కోరపన్ను, దాని పక్కపన్ను దగ్గర మళ్లీ నల్లబడిందని చూపించింది. ఆర్నెల్ల కిందటి చార్టులో ఆ రెండు పళ్ల బుగ్గవైపు పాకెట్, అంటే పన్నుకూ చిగురుకూ మధ్య పడిన సందు లోతు, 6 మి.మీ. అని ఉంది. అక్కడ గట్టి చిగురు చాలా సన్నం, దాదాపు కదిలే బుగ్గపొర దగ్గరే చిగురు అంచు ఉంది. ఈ రెండు విషయాలూ నా రాతలోనే ఉన్నాయి. ఆ రోజు ప్రోబ్ (ఆ లోతు కొలిచే సన్నటి పుల్ల) పెట్టి మళ్లీ కొలవలేదు. బయట జనం ఉన్నారు. క్లీనింగ్ అయ్యాక కొలుద్దామనుకున్నాను.

ఆలోచించకుండా మాత్రం మొదలుపెట్టలేదు. ఏ పౌడర్ వాడాలన్నదాని మీద నిజంగానే ఆలోచించాను. సోడియం బైకార్బొనేట్ మరకలకు బాగా పని చేస్తుంది. కానీ రేణువులు పెద్దవి, బయటపడిన వేరు మీద కొడితే దాని పైపొర, సిమెంటం, అరుగుతుంది. పైగా అది ఉప్పు జాతి. మింగేది కొంచెమే అయినా, ఉప్పు తగ్గించమని డాక్టర్ చెప్పిన పేషెంట్లకు, కిడ్నీ జబ్బున్నవాళ్లకు దాన్ని వాడొద్దని తయారీదారులే చెబుతారు. కాబట్టి గ్లైసిన్ తీసుకున్నాను. దాని రేణువు సుమారు 25 మైక్రాన్లు, మెత్తన, నీళ్లలో కరిగిపోతుంది, వేరు మీద గాటు పడదు. ఎరిత్రిటాల్ అయితే ఇంకా సన్నం, 14 మైక్రాన్లు, కానీ నా దగ్గర లేదు. ముందు 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలింపించాను. పెదాలకు వాజిలిన్, కళ్లకు అద్దాలు, పక్కన పెద్ద సక్షన్. చిగురు నొప్పి అంటుందని కొంచెం లిగ్నోకెయిన్ జెల్ రాశాను.

మరకలు పోయాయి. ఆగాల్సింది అక్కడ. చిగురు కింద పాచి కూడా ఉంటుంది కదా, గ్లైసిన్ చిగురు కింద వాడటానికి మంచిదే కదా అనుకుని నాజిల్‌ను పాకెట్ వైపు తిప్పాను. మామూలు నాజిల్‌తో, మెత్తటి పౌడర్‌తో లోతు లేని పాకెట్లలో, అంటే 4 మి.మీ. వరకు, ఇలా చేసే పద్ధతి ఉంది. నేను ఆ 4ను 6 దాకా సాగదీశాను. పై పై మరకలు తీసే నాజిల్ అది. దాని మొన నుంచి గాలి సూటిగా బయటికొస్తుంది. దాన్ని చిగురు అంచు మీద, పాకెట్ నోటికి ఎదురుగా పెట్టాను. సుమారు పది సెకన్లు.

పుక్కిలించి ఉమ్మమని చైర్ లేపాను. ఆమె ఉమ్మలేదు. చెయ్యి బుగ్గ మీద పెట్టుకుని, "డాక్టరమ్మా, బుగ్గ బరువెక్కిందేంది?" అంది. చూస్తుండగానే ఎడమ బుగ్గ ఉబ్బింది, కింది కనురెప్ప ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది. ఒక నిమిషం కూడా పట్టలేదు. నొప్పి లేదు, దురద లేదు, ఎర్రదనం లేదు.

మొదటి అంచనా, అది తప్పడం

నాకు తట్టింది అలర్జీ. తట్టడానికి కారణాలున్నాయి. నోట్లో అప్పుడే రెండు మందులు పడ్డాయి, లిగ్నోకెయిన్ జెల్, క్లోర్‌హెక్సిడిన్. క్లోర్‌హెక్సిడిన్‌కు అరుదుగానైనా తీవ్రమైన అలర్జీ రావచ్చని అందరం చదువుకున్నదే. కనురెప్ప ఉబ్బడం కూడా దానికి సరిపోయింది. పల్స్, బీపీ, ఆక్సిజన్ చూశాను. బీపీ 150/90, ఆక్సిజన్ 98. ఊపిరి మామూలుగా ఉంది, గొంతు మారలేదు, నాలుక వాయలేదు, ఒంటి మీద దద్దుర్లు లేవు. ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ, అనాఫిలాక్సిస్ అయితే మొదట ఇవ్వాల్సింది అడ్రినలిన్. ఆ లక్షణాలు ఒక్కటీ లేనప్పుడు, బీపీ ఉన్న మనిషికి దాన్ని ఇవ్వడం సరికాదనిపించింది. సిరంజిలో ఎక్కించి పక్కన పెట్టుకున్నాను. అలర్జీకి వాడే ఎవిల్, హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్లు చేశాను. బయట కూర్చున్న ఆమె కోడలిని పిలిచి, "మందు పడలేదమ్మా, అలర్జీ వచ్చింది, తగ్గుతుంది" అని చెప్పాను.

అరగంట గడిచింది. తగ్గలేదు, పెరగలేదు. సిస్టర్ ఐస్ గడ్డ గుడ్డలో చుట్టి బుగ్గ మీద అదుముతోంది. బుగ్గ మీద తెల్లగా అంటుకున్న పౌడర్‌ను గాజుగుడ్డతో తుడుస్తూ ఆగిపోయింది. "మేడమ్, లోపల చిటపటమంటోంది" అంది.

నేను వేలు పెట్టాను. బొరుగుల సంచి మీద మెల్లగా వేలు నొక్కితే లోపల ఒక్కొక్కటీ నలుగుతున్నట్టు ఉంటుంది చూడండి, అచ్చం అలాగే ఉంది. చర్మం కింద, కంటి కింద నుంచి దవడ అంచు దాకా అలాగే ఉంది. వాపులో నీరు లేదు, రక్తం లేదు. గాలి.

చర్మం కింద గాలి చేరడాన్ని సబ్‌క్యుటేనియస్ ఎంఫిసీమా అంటారు. డిగ్రీ చదివేటప్పుడు పరీక్షల్లో రాసిన జబ్బే. జ్ఞానదంతం తీసేటప్పుడు ఎయిరోటర్ (గాలితో తిరిగే పంటి డ్రిల్) గాలి ఎముక మీదుగా కణజాలంలోకి పోయి వస్తుందని చదివాను. క్లీనింగ్‌లో వస్తుందని నా బుర్రకు ఎక్కలేదు. మెత్తటి పౌడర్, నొప్పి లేని పని అన్న ధీమాలో దాన్ని మోసుకొచ్చేది కంప్రెసర్ గాలి అన్నది మరిచిపోయాను. ఎయిరోటర్‌కు, గాలీ నీళ్లూ చిమ్మే త్రీవే సిరంజికి, దీనికి వచ్చేది ఆ ఒక్క కంప్రెసర్ గాలే.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే, వేలు పెట్టకముందే తేల్చుకోగలిగిన సంగతి ఇది అనిపించింది. ఇన్ఫెక్షన్ వాపుకు రోజులు పడుతుంది, నొప్పి, వేడి ఉంటాయి. రక్తం చేరి వచ్చే వాపు సూది గుచ్చిన చోట వస్తుంది, తర్వాత రంగు మారుతుంది. ఆమె నోట్లో నేను సూదే వేయలేదు. అలర్జీ వాపు గాలి కొట్టిన వైపే గీత గీసినట్టు ఆగదు. తరచుగా పెదవి, నాలుక కూడా వాస్తాయి, దురద ఉంటుంది. గాలి వాపు మాత్రం గాలి కొడుతుండగానో, కొట్టిన నిమిషంలోనో వస్తుంది, కొట్టిన వైపే వస్తుంది. మొదట్లో చిటపట తెలియకపోవచ్చు, అందుకని ఒకసారి తాకి లేదనుకుని వదిలేయకూడదు. నేను ఒక్కసారి కూడా తాకలేదు. చూపుతోనే తేల్చేశాను.

వెంటనే చేసినవి రెండు. ఐస్ తీసేయించాను. చల్లదనంతో ఇబ్బంది లేదు గానీ, అదిమితే గాలి బయటికి రాదు, పొరల మధ్య ఇంకా ముందుకు పోతుంది. సూది పెట్టి లాగేద్దామా అన్న ఆలోచన నాకూ వచ్చింది. ఆ గాలి ఒక సంచిలో లేదు, జల్లెడ కన్నాల్లా పొరల్లో పరుచుకుని ఉంది, లాగితే రాదు, కొత్త సూక్ష్మజీవుల్ని పంపినట్టవుతుంది.

రెండోది కోడలిని మళ్లీ పిలవడం. "ఇందాక అలర్జీ అన్నాను, అది కాదమ్మా. నేను వాడిన మెషిన్ గాలి చిగురులోంచి బుగ్గలోకి పోయింది. పొరపాటు నాది" అన్నాను. ఆ పిల్ల కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అత్తకు ప్రమాదం ఏమన్నా ఉందా?" అని అడిగింది. ఇప్పటికి లేదని, ఏమేం గమనించాలో చెప్పాను. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు, నిజమే. చెప్పి ఉండకపోతే మర్నాడు పొద్దున ఆ పిల్ల నాకు ఫోన్ చేసేది కాదు.

ఇంటికి పంపడం

ఇక్కడ నేను తీసుకున్న నిర్ణయాన్ని ఇప్పటికీ తిప్పి తిప్పి చూసుకుంటుంటాను. మధ్యాహ్నం మూడు దాకా కూర్చోబెట్టాను. గంటకోసారి వాపు అంచు పెన్నుతో గీసి చూశాను, జరగలేదు. చూపు సరిగ్గా ఉంది, కనుగుడ్డు అన్నివైపులా తిరుగుతోంది. మింగగలుగుతోంది. మెడలో చిటపట లేదు. పుస్తకాల్లో ఇలాంటివాళ్లను ఇంటికి పంపి ఫోన్‌లో కనిపెట్టుకుంటే చాలంటారు. ఎక్కువమందికి మూడు నుంచి పది రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది.

అమాక్సిసిలిన్-క్లావులనేట్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాను. దాని అవసరం మీద అందరిదీ ఒక మాట కాదు. గాలి ఒక్కటే లోపలికి పోలేదు, దానితో పాటు పౌడర్, చైర్ గొట్టంలోని నీళ్లు, పాకెట్‌లోని సూక్ష్మజీవులు పోయాయి కాబట్టి ఇవ్వడమే మంచిదనుకున్నాను. కిడ్నీ సంగతి చూసి మోతాదు సరేనా అని ఆమె ఫిజీషియన్‌కు ఫోన్ చేసి అడిగాను. నొప్పి బిళ్లలు వద్దని, అవసరమైతే పారాసిటమాల్ ఒక్కటే అని చెప్పాను.

జాగ్రత్తలు కూడా చెప్పాను: ముక్కు చీదొద్దు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి, స్ట్రాతో తాగొద్దు, బెలూన్లు ఊదొద్దు, గట్టిగా పుక్కిలించొద్దు. ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టు చెప్పేశాను.

మర్నాడు పొద్దున ఆరున్నరకు ఫోన్ వచ్చింది. వాపు మెడకు దిగింది. గొంతు కింద చెయ్యి పెడితే చిటపటమంటోందట. గొంతు కొంచెం మారినట్టుందని కోడలు అంది.

ఏం చేశారని అడిగాను. ముక్కు చీదలేదు, తుమ్మలేదు, అన్నీ పాటించారు. "రాత్రి ఉప్పునీళ్లు పుక్కిలించింది, మెల్లగానే" అంది. పంటి డాక్టర్ దగ్గరికి పోయొచ్చాక వేడి ఉప్పునీళ్లు పుక్కిలించడం మా వైపు ఎవరూ చెప్పకుండానే చేసే పని. అది కొంత. తర్వాత, "పొద్దున్నే నీళ్లు కాగబెట్టింది, మామూలే" అంది. ఎట్లా కాగబెట్టిందని అడిగాను. పెరట్లో పొయ్యి. రాత్రి మంచుకు పుల్లలు చెమ్మగిల్లి అంటుకోకపోతే ఊదుగొట్టం పెట్టి ఊదింది. ఒకటికి పదిసార్లు ఊదింది.

బుగ్గలు బిగించి, నోట్లో ఒత్తిడి పెంచి, సన్నటి గొట్టంలోంచి గాలి పంపడం. చిగురులో ఇంకా మూసుకోని దారి ఉన్న మనిషి చేయకూడని పని ఏదైనా ఉందంటే అదే. ముందురోజు కంప్రెసర్ చేసిన పనిని ఆమె ఊపిరితిత్తులే మళ్లీ చేశాయి. బెలూన్లు ఊదొద్దని చెప్పాను, ఆ ఇంట్లో బెలూన్ ఎవరు ఊదుతారు? ఊదుగొట్టం గురించి నాకు తట్టనే లేదు. మా అమ్మమ్మ ఇంట్లో నేను ఊదినదే అది.

పంటి వైద్యంలో ఈ గాలి వాపు గురించి తొలిసారి రాసిన కేసుగా అందరూ చెప్పేది 1900 నాటిది, టర్న్‌బుల్ అనే ఆయన రాసింది. అందులోని పేషెంటు పన్ను తీయించుకున్నాక బ్యూగిల్ ఊదాడు, వాపు వచ్చింది. ఈ కేసు తర్వాత దాన్ని వెతికి చదువుకున్నాను. బ్యూగిల్ అయినా ఊదుగొట్టం అయినా గాలికి తేడా తెలియదు.

పెద్దాసుపత్రిలో

గొంతు మారిందన్న మాట వినగానే క్లినిక్‌కు రానివ్వలేదు. నేరుగా జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రికి రమ్మని, నేనూ అక్కడికే పోయాను. కారణం ఇది. బుగ్గ పొరలకు, దవడ కింది పొరలకు, గొంతు వెనక పొరలకు మధ్య గట్టి గోడలు లేవు. అక్కడి నుంచి గుండె చుట్టూ ఉండే ఖాళీ దాకా దారి ఉంది. గాలి అక్కడికి చేరితే అది ప్రాణానికి ముప్పు. గొంతు మారడం, మింగడం కష్టమవడం, ఛాతీలో నొప్పి, ఆయాసం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇక డెంటల్ చైర్‌తో పని లేదు.

డ్యూటీ డాక్టర్‌కు కాగితం మీద రాసిచ్చాను: ఏ మెషిన్, ఏ పౌడర్, ఏ పన్ను, ఎన్ని సెకన్లు, ఎన్ని గంటలకు, తర్వాత ఏమేం ఇచ్చాను. అది లేకపోతే వాళ్లు కూడా అలర్జీ అనో, సెల్యులైటిస్ (చర్మం కింది ఇన్ఫెక్షన్) అనో మొదలుపెట్టే అవకాశం ఉంది. పంటి క్లీనింగ్‌లో మెడకు గాలి పోతుందని ఫిజీషియన్లకు తెలిసి ఉండాలని లేదు. ఆయన ఛాతీ మీద స్టెత్ పెట్టి చాలాసేపు విన్నారు. గుండె చుట్టూ గాలి ఉంటే ఒక్కోసారి గుండె కొట్టుకున్నప్పుడల్లా నలిగిన చప్పుడు వినిపిస్తుంది. వినిపించలేదు. అయినా ఎక్స్‌రే, సీటీ స్కాన్ తీయించారు. బుగ్గలో, దవడ కింద, మెడలో ఎడమవైపు నల్లటి మరకల్లా గాలి. ఛాతీలోకి దిగలేదు.

వార్డులో ఉంచుకున్నారు. మాస్క్‌తో ఆక్సిజన్ పెట్టారు. ఆక్సిజన్ 97, 98 ఉన్న మనిషికి ఇదెందుకని కోడలు అడిగింది, మంచి ప్రశ్న. చర్మం కింద ఇరుక్కున్న గాలిలో ఎక్కువ భాగం నైట్రోజన్. మనం పీల్చే గాలిలోనూ అదే ఎక్కువ కాబట్టి అది రక్తంలోకి తొందరగా కలవదు. ఆక్సిజన్ ఎక్కువగా పీలిస్తే రక్తంలో నైట్రోజన్ తగ్గుతుంది, అప్పుడు కణజాలంలోని నైట్రోజన్ రక్తంలోకి జారిపోతుంది. వాపు కొంచెం త్వరగా తీస్తుంది. యాంటీబయాటిక్ సెలైన్‌లో ఇచ్చారు. ఇంకేమీ చేయలేదు, చేయాల్సిందీ లేదు. మనిషిని కదలకుండా ఉంచి, గంట గంటకూ మెడ చూడటమే అసలు వైద్యం.

రెండో రోజుకు గొంతు మామూలైంది. మూడో రోజు డిశ్చార్జ్ చేశారు. ఈసారి ఆమెను ఊరికి పంపకుండా ఒంగోలులోనే ఉన్న చుట్టాలింట్లో నాలుగు రోజులు ఉండమన్నాను. ఏడో రోజు చూస్తే కంటి కింద కూడా చిటపట లేదు. ఇన్ఫెక్షన్ రాలేదు.

ఎక్కడెక్కడ తప్పాను

గాలి పోయిన తర్వాత చేసినదానికన్నా గాలి పోకముందు వదిలేసింది పెద్దది. ఆర్నెల్ల నాటి చార్టు చూసి ఆ రోజు నోరు అలాగే ఉందనుకున్నాను. ఇప్పుడు మా దగ్గర ప్రోబ్ పెట్టకుండా పౌడర్ డబ్బా మూత తీయరు. 5 మి.మీ., అంతకు మించిన చోట చార్టు మీద ఎర్ర పెన్నుతో గుండ్రం చుడతాం. గట్టి చిగురు సన్నంగా ఉన్న పన్ను, పుండు ఉన్న చోటు, కొత్తగా కోసి కుట్లు వేసిన చోటు, పన్ను తీసిన గుంట, వీటి దగ్గర గాలి లేదు. అక్కడ చేత్తో గీకే క్యూరెట్, లేదా అల్ట్రాసోనిక్ స్కేలర్. మరకకు రబ్బరు కప్పు, పేస్టు. కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

మామూలు నాజిల్‌ను ఎప్పుడూ చిగురుకు ఎదురుగా పెట్టకూడదు. నాజిల్ మొన పన్ను కొరికే అంచు వైపు చూడాలి, చిగురు వైపు కాదు. ముందు పళ్లకు సుమారు 60 డిగ్రీలు, వెనక దవడ పళ్లకు 80, నమిలే ఉపరితలానికి నిటారుగా 90. పన్నుకు 3 నుంచి 5 మి.మీ. ఎడం. ఒకచోట ఆపకుండా చిన్న చిన్న సున్నాలు చుడుతూ పోవాలి. ఇవన్నీ మెషిన్‌తో వచ్చిన పుస్తకంలో ఉన్నాయి. పెట్టె విప్పిన రోజు చదివి బీరువాలో పెట్టాను. ఇప్పుడు ఆ పేజీ చైర్ ముందు గోడకు అంటించి ఉంది.

లోతు పాకెట్లలోకి పంపడానికి వేరే నాజిల్ ఉంది. సన్నటి ప్లాస్టిక్ మొన. దాని లోంచి గాలి, పౌడర్ పక్కలకు వస్తాయి, అడుగు వైపు కాదు. మొన దగ్గర నీళ్లు వస్తాయి, ఒత్తిడి తక్కువ. ఒక్కో చోట 5 సెకన్లే. నేను చేసిన పనికి కావాల్సింది అది. ఇప్పుడు కొన్నాను. అయినా దానితో కూడా ఈ వాపు వచ్చిన కేసులు రాసినవాళ్లున్నారు. కాబట్టి సన్నటి చిగురు దగ్గర దాన్నీ వాడను.

పౌడర్ విషయంలో నేను తీసుకున్న నిర్ణయం ఇప్పటికీ సరైనదే అనుకుంటాను. ఆమె బీపీ, కిడ్నీ చూసి గ్లైసిన్ తీసుకోవడంలో తప్పు లేదు. ఆ ఒక్క జాగ్రత్త తీసుకున్నాననే ధైర్యం నన్ను ముందుకు తోసింది. ఉబ్బసం, ఊపిరితిత్తుల జబ్బు, దగ్గుతో ఉన్న టీబీ పేషెంట్లకు ఈ మెషిన్ వద్దని, కాంటాక్ట్ లెన్సులు తీయించాలని, ఫిల్లింగుల అంచుల మీద, గ్లాస్ అయానమర్ అనే ఫిల్లింగ్ సిమెంటు మీద కొట్టకూడదని అడిగినవాళ్లకల్లా చెప్పేదాన్ని. గాలి ఎక్కడికి పోతోందన్నది మాత్రం నన్ను నేను అడగలేదు.

ఇంటికి పంపడం గురించి. టౌన్‌లో ఉండే పేషెంటైతే ఆ నిర్ణయం తప్పు కాదేమో. సాయంత్రం తర్వాత బస్సు దొరకని పల్లె మనిషిని, వాపు మెడకు దిగితే రాత్రి రావడానికి బండి లేని మనిషిని ఆ మొదటి రాత్రి ఊరికి పంపకూడదు. నా లెక్కలో వాపు ఉంది, దూరం లేదు. మొదటి రోజే ఛాతీ ఎక్స్‌రే తీయించి, ఒక రాత్రి ఇక్కడే ఉంచాల్సింది.

జాగ్రత్తల కాగితం మార్చి రాశాం. నేను, సిస్టర్, ఆ కోడలు కూడా కూర్చుని రాశాం. ముందుగా ఆ కోడలికి ఫోన్ చేసి మీ ఇంట్లో, పొలంలో ఊపిరి బిగించి చేసే పనులేమిటో చెప్పమన్నాను. ఊదుగొట్టం, శంఖం, పీక, మూకుడు మీద నిప్పులు ఊదడం, బావిలోంచి బిందె లాగడం, బస్తా ఎత్తడం, మలబద్ధకంతో ముక్కడం, ఆకూవక్క ఉమ్మేటప్పుడు గట్టిగా ఊయడం, పసిపిల్లను ఆడించడానికి బుగ్గలు పూరించి బుర్ర్ అనడం. చివరిది ఆమె చెప్పకపోతే నాకు ఈ జన్మకు తట్టేది కాదు. వాళ్లింట్లో అప్పుడు ఏడాది పిల్ల ఉంది.

మూడు నెలలకు ఆమె వచ్చింది. వస్తుందనుకోలేదు. చైర్ ఎక్కుతూ మెషిన్ వైపు చూసి, "దాన్ని మాత్రం తేవద్దు డాక్టరమ్మా" అంది. తేలేదు. ప్రోబ్ పెట్టి కొలిచాను, ఆ రెండు పళ్ల దగ్గర ఇంకా 6 ఉంది. చేత్తో క్యూరెట్‌తో చేశాను, మరకలు రబ్బరు కప్పుతో తీశాను, పాకెట్ సర్జరీకి చిగుళ్ల స్పెషలిస్టు దగ్గరికి చీటీ రాశాను. ఆయనకు రాసిన చీటీలో మొదటి వాక్యం ఆమె బుగ్గలోకి గాలి పోయిన సంగతి. ఎయిరోటర్ వాడేముందు ఆయన అది చదవాలి.